మంచం మీది పంతులమ్మ

మా శిక్షణ కేంద్రానికి బొమ్మ వచ్చింది. హైదరాబాదు నుంచి పెద్ద అట్టపెట్టెలో పంపితే, నాగర్‌కర్నూల్ బస్టాండు నుంచి ఆటోలో వేసుకొచ్చాం. మనిషంత రబ్బరు బొమ్మ. తెల్లజుట్టు, ముడతలు, నోరు తెరిస్తే పళ్ళు, పళ్ళు ఊడదీస్తే చిగుళ్ళు. పెట్టె విప్పగానే నేనే ఒక అడుగు వెనక్కి వేశాను. దాన్ని దించడానికి సాయం పట్టిన ఆటో అతను "ఇదేంది మేడం, గీ బొమ్మతోని ఏం చేస్తరు?" అన్నాడు. ముసలివాళ్ళను ఎలా చూసుకోవాలో ఆడపిల్లలకు నేర్పుతామని చెప్పాను.

"ముసలోళ్ళను సూసుకోనీకి గూడ సదువు కావాల్నా?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఆరేళ్ళుగా మా అత్తగారితో మొదలుపెట్టి అందరూ అడుగుతూనే ఉన్నారు. ఒకప్పుడు నన్ను నేను కూడా అడుక్కున్నాను. జవాబు నాకు పుస్తకంలో దొరకలేదు. వనపర్తిలో ఒక ఇనుపమంచం మీద పడుకుని మమ్మల్ని తిట్టిపోసిన ఒక అవ్వ దగ్గర దొరికింది.

బొమ్మ వచ్చిన రోజే పిల్లలు దానికి తినిపించడం నేర్చుకోవడం మొదలుపెట్టారు. బొమ్మ అన్నీ తింది. కూర్చోబెట్టి పెట్టినా తింది, పడుకోబెట్టి పెట్టినా తింది. పెట్టేవాళ్ళు ఫోను చూసుకుంటూ పెట్టినా తింది. ఇంత మంచి పేషెంటును నేను నా సర్వీసులో చూడలేదు. వచ్చే ఆదివారమే గోపాల్‌పేట వెళ్ళి, కాళ్ళు పట్టుకునైనా సరే, అవ్వను నా పిల్లల దగ్గరికి తీసుకురావాలని అప్పుడే అనుకున్నాను.

ఆరేళ్ళ కిందట నేను కొత్తకోటలో ఒక చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఆ బడి మూతపడింది. మా ఆయనకు హైవే పక్కన లారీలు బాగుచేసే షెడ్డు ఉంది, కానీ ఇంట్లో ఊరికే కూర్చోవడం నా ఒంటికి పడదు. వనపర్తిలో మూడు నెలల కోర్సు పెడుతున్నారని, వృద్ధుల సంరక్షణ నేర్పి సర్టిఫికెట్ ఇస్తారని తెలిసింది. మా అత్తగారు వినగానే "పీతులెత్తనీకి సర్టిఫికెట్ ఎందుకే?" అంది. ఆ మాటకు రోషమొచ్చి చేరాను. చేరిన వారానికి ఆమె చెప్పిందే నిజమేమో అనిపించింది. నాకు వాసన పడదు, తడి పడదు, ముసలి ఒళ్ళు తాకాలంటే చేతులు వెనక్కి వచ్చేవి. మానేస్తే ఇంట్లో తలెత్తుకోలేను, ఉంటే ఈ పని చేయలేను. అలా ఉండేది నా పరిస్థితి.

పాఠాలు చెప్పే మేడం రిటైరైన నర్సు. ఓపిక గల మనిషి. మొదట్లో ప్రాక్టికల్స్ మేమే ఒకరి మీద ఒకరం చేసుకునేవాళ్ళం. ఇరవైమందిమి ఆడవాళ్ళం, ఒకరు పడుకుంటే ఇంకొకరు తినిపించడం. తినిపించేదానికంటే నవ్వేదే ఎక్కువ. అదే బిల్డింగులో కింద కుట్టుమిషన్ క్లాసులు నడిచేవి. మనుమరాలిని అందులో చేర్పించడానికి వచ్చిన ఒక ముసలామె ఓ రోజు మా కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత చెప్పులు విడిచి నేరుగా లోపలికొచ్చి, మంచం మీద పడుకున్న పిల్లను లేపేసింది.

"పండ్లున్న పోరికి తినవెట్టుడు ఏం సదువే? నేను పండుత. నాకు వెట్టుండ్రి."

అలా వచ్చిన మనిషి కోర్సు అయ్యేదాకా వస్తూనే ఉంది. రోజూ గోపాల్‌పేట నుంచి బస్సులో వచ్చేది. చంకలో మడతపెట్టిన సొంత దుప్పటి, చేతిలో సొంత స్టీలు పళ్ళెం. మా హాజరుపట్టీలో ఆమె పేరు లేదు, ఎందుకంటే ఆమె విద్యార్థీ కాదు, టీచరూ కాదు. మేమంతా అవ్వా అనేవాళ్ళం. ఇక్కడ కూడా పేరు రాయను. ఉన్నప్పుడు ఎవరూ పేరుతో పిలవలేదు, ఇప్పుడు పిలిస్తే ఆమె పలకదు.

పొద్దున వచ్చి, దుప్పటి పరిచి, మంచమెక్కి, కళ్ళు మూసుకుని "ఇయ్యాల నాకేమైందో మీరే చెప్పాలె" అనేది. ఒకరోజు చెవుడు, ఒకరోజు మతిమరుపు, ఒకరోజు తుంటి విరిగింది. ఒకసారి రోగం మొదలైందంటే టీ తాగడానికి కూడా అందులోంచి బయటికి వచ్చేది కాదు. మతిమరుపు రోజున నన్ను తన చెల్లెలనుకుని, చిన్నప్పుడు తన గాజులు ఎత్తుకుపోయానని సాయంత్రం దాకా తిట్టింది. రెండు కాళ్ళూ పడిపోయిన రోజున మాత్రం పావు తక్కువ ఐదు కాగానే గభాలున లేచి, దుప్పటి చుట్టుకుని, గోపాల్‌పేట బస్సు కోసం మాకంటే ముందు పరుగెత్తింది. మేడంకు నవ్వు ఆగలేదు.

మేం తప్పు చేస్తే అవ్వ వివరించేది కాదు, చచ్చిపోయేది. ఒక పిల్ల ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో నీళ్ళు పోసింది. అవ్వ ఆ నీళ్ళు మంచం పక్కకు ఉమ్మేసి, "నేను సచ్చిన" అని నాలుక బయటపెట్టి పడిపోయింది. మేం లేపినా లేవలేదు. ఆ పిల్ల ఏడుపు ముఖం పెడితే ఒక కన్ను తెరిచి, "శవం తోని ఏం మాట్లాడుతవే? నన్ను ముందుగాల కూసొవెట్టకపోతివి" అని మళ్ళీ మూసుకుంది. ఆ మూడు నెలల్లో అవ్వ ఎన్నోసార్లు చచ్చిపోయింది. ఎక్కువసార్లు చంపింది నేనే.

ఆమె దగ్గర మార్కులు మాత్రం ఒక్కదానికే. పక్క ఎంత నీటుగా వేసినా, బీపీ ఎంత సరిగ్గా చూసినా మెచ్చుకోదు. సాయంత్రం దుప్పటి మడతపెడుతూ ఒకటే అడిగేది: "ఇయ్యాల నేను తిన్ననా?" తినలేదంటే ఆ రోజు మేమందరం ఫెయిలు. "ఆకలున్న మనిషి మీ చేతులల్ల ఉపాసం ఉండొద్దు. గది ఒక్కటి నేర్చుకుంటె మీ సదువు సాలు" అనేది. ఆమెకు ఇంత పట్టింపు ఎందుకో అప్పుడు మాకు తెలియదు. తిండి మీద యావ అనుకుని చాటుగా నవ్వుకున్నాం.

నన్ను ఆ కోర్సులో నిలబెట్టింది ఒక తడిగుడ్డ. మంచంలో ఉన్నవాళ్ళకు ఒళ్ళు తుడవడం నేర్పుతున్న రోజు. నా వంతు వచ్చింది. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, అవ్వ కాలు తుడుస్తున్నాను. ముఖం మాత్రం కిటికీ వైపు పెట్టుకున్నాను. అవ్వ లేచి కూర్చుంది. చచ్చిపోతుందేమో అనుకున్నాను, చావలేదు. మిగతావాళ్ళందరినీ బయటికి పొమ్మంది. నన్ను మంచం మీద పడుకోమంది. అదే గుడ్డ తీసుకుని నా కాలు తుడవడం మొదలుపెట్టింది, ముఖం అటు తిప్పుకుని, ముక్కు కొంచెం చిట్లించి. అచ్చం నాలాగే. నా కాలు శుభ్రంగానే ఉంది. అయినా నాకు సిగ్గుతో ఒళ్ళంతా ముడుచుకుపోయింది. ఆ కాలు కోసుకుని ఎక్కడైనా దాచుకోవాలనిపించింది.

"ఎట్లున్నది?" అంది.

నాకు ఏడుపొచ్చింది. "నాకు వాసన పడదవ్వా. నేను మానేస్త" అన్నాను.

"ఎవలకు పడ్తది? నాకు పడ్తదా? ముక్కు మూసుకో, గుడ్డ కట్టుకో. మూతి మాత్రం తిప్పకు" అంది. తర్వాత నా పాదం పొడిగుడ్డతో తుడిచి, వేళ్ళ సందులు కూడా తుడిచి, "లే. నీళ్ళు మార్చుకొని రా" అని తను పడుకుంది. మానేయడం గురించి ఇంకొక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని నీళ్ళు తెచ్చాను.

రెండో నెలలో అవ్వకు కుడిపక్క పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి మంచం మీద వదిలేసి, మూతి ఒక పక్కకు లాగిపెట్టి పడుకుంది. మధ్యాహ్నం ఉప్మా పెట్టాం. మూతి తిప్పుకుంది. చెంచాతో పెట్టాం, పళ్ళు బిగించింది. పనిచేసే చేతిని వాడేలా ప్రోత్సహించాలని పుస్తకంలో ఉంది కాబట్టి ఎడమచేతిలో చెంచా పెట్టాం. కింద పడేసింది. చార్టులో "ఆకలి తక్కువ" అని రాశాం. రెండోరోజూ అంతే. పప్పన్నం, పెరుగన్నం, పాయసం, ఏదీ ముట్టలేదు. ఆ వయసులో మనిషి నిజంగానే పస్తు ఉంటుంటే మేడం భయపడి, "అవ్వా, ఇగ సాలు, ఏంచెయ్యాల్నో చెప్పు" అని బతిమాలింది. అవ్వ గోడవైపు చూస్తూ పడుకుంది.

మూడోరోజు నాకు ఒళ్ళు మండింది. మిగతావాళ్ళు వరండాలో తింటున్నారు. నేను అప్పటిదాకా అవ్వ కాళ్ళకు నూనె రాస్తూ ఉన్నాను, కుడిచెయ్యంతా జిడ్డు. కడుక్కోవడానికి నల్లాలో నీళ్ళు రావడం లేదు. ఆకలి. కోపంతో మంచం పక్కన కింద కూర్చుని, టిఫిన్ డబ్బా తెరిచి, ఎడమచేత్తోనే జొన్నరొట్టె తుంచుకుని తినడం మొదలుపెట్టాను. ముక్క నోటికి బదులు గడ్డానికి తగిలింది. తలెత్తి చూస్తే అవ్వ నన్నే చూస్తోంది. కాసేపటికి ఆమె ఎడమచెయ్యి దుప్పటి కిందినుంచి మెల్లగా బయటికొచ్చింది. నా డబ్బాలోంచి రొట్టె ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది.

సాయంత్రం మేడంతో సహా అందరినీ పిలిచి చెప్పింది. "పుర్రచెయ్యి దేనికి వాడ్తరో అందరికీ ఎర్కనే. పుట్టినకాడికెల్లి గా చేత్తోని బువ్వ ముట్టుకోవద్దని కొట్టి పెంచితిరి. ఇయ్యాల పచ్చవాతమొచ్చిందని నలుగురి ముంగట గదే చేత్తోని తినుమంటె ఎట్ల తింటడు? పసిపోరని లెక్క మీ చేత్తోని గూడ తినడు. ముంగట ఒక్కరన్న పుర్రచేత్తోని తినేటోళ్ళు గూసుండాలె."

మేడం చార్టు తీసుకుని "ఆకలి తక్కువ" అన్నది కొట్టేసింది.

ఆ పాఠం నాకు బాగా తలకెక్కిందని చెప్పుకోవాలని ఉంది. కానీ అబద్ధం చెప్పను. కోర్సు అయిన నెలకు గద్వాలలో ఒక నేతవారి ఇంట్లో పని దొరికింది. పొడుగాటి గదిలో ఇటు పక్క గుంటమగ్గం, అటు పక్క మంచం, మంచం మీద డెబ్బై దాటిన తాత. కుడిపక్క పడిపోయింది. రెండు నెలలుగా సరిగా తినడం లేదు, చెంపలు లోపలికి పోయాయి. ఆకలి పుట్టడానికి టానిక్కు రాసిచ్చారు. నేనూ మొదటి రెండురోజులు చెంచా పట్టుకుని బతిమాలుతూనే గడిపాను. మూడోరోజు కొడుకు మగ్గం మీదినుంచే అన్నాడు: "ఏం మనిషో మేడం మా నాయిన. చిన్నప్పుడు మేం పుర్రచేత్తోని అన్నం ముట్టుకుంటె నేతకర్రతోని కొడ్తుండె. మొన్నటిదాంక మా పిలగాండ్లను గూడ కొట్టిండు. ఇప్పుడు చూడుండ్రి, పసిపోరని లెక్క మారాం చేస్తుండు."

చెంచా పక్కన పెట్టేశాను. నన్ను నేను ఎంత తిట్టుకున్నానో చెప్పలేను. ఆ పూట ఇంట్లోవాళ్ళను బయట అరుగు మీద తినమన్నాను. తాతను వీపుకు దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, ఆయన ముందు పళ్ళెం పెట్టి, నాకూ ఒక పళ్ళెం పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఎడమచేత్తో కలిపాను. సగం మెతుకులు చీర మీద పడ్డాయి. తాత నా వంక చూశాడు, పళ్ళెం వంక చూశాడు. వంకరపోయిన మూతితోనే చిన్నగా నవ్వి, నీకు రాదులే అన్నట్టు తల ఊపాడు. తర్వాత తను తిన్నాడు.

ఆ సాయంత్రం అవ్వ మనుమరాలి ఫోనుకు చేసి చెప్పాను. "తిన్నడా? ఎన్ని ముద్దలు?" అంది. లెక్కపెట్టలేదన్నాను. ఆ ఇల్లు గద్వాలలో ఎక్కడో అడిగి ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత మూడోరోజు మధ్యాహ్నం అవ్వ ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడి ఉంది. గోపాల్‌పేట నుంచి వనపర్తికి, అక్కడినుంచి గద్వాలకు, మధ్యలో బీచుపల్లి దగ్గర దిగి ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టి, ఆ చిప్ప కొంగులో కట్టుకుని వచ్చింది. మా ఊరి చుట్టమని ఇంట్లోవాళ్ళకు చెప్పాను. అవ్వ మంచం దగ్గరికి రాలేదు. "నన్ను సూస్తె ఆపుతడు" అని గుసగుసగా చెప్పి, మగ్గం పక్కన ఆరేసిన నూలు చాటున నిలబడింది. నేను రోజూలాగే తాత ఎదురుగా కూర్చుని తిన్నాను. తాత తిన్నాడు. నూలు పోగుల సందులోంచి అవ్వ పెదవులు కదలడం కనిపిస్తోంది. ముద్దలు లెక్కపెడుతోంది.

అయిపోయాక టీ కూడా తాగకుండా బయలుదేరింది. బస్టాండు దాకా తోడు వెళ్ళాను. బెంచీ మీద కూర్చున్నాక, కొబ్బరిచిప్ప నా చేతిలో పెట్టి చెప్పింది.

"మా ఆయనకు గిట్లనే కుడిపక్క పడిపోయిండె. ముద్ద చేసి నోటికాడికి తీస్కవోతే మూతి తిప్పుకుంటుండె. ఆకలి సచ్చిందనుకున్న. దవాఖానల గూడ గదే అన్నరు. ఒకనాడు చేను కాడికెల్లి జల్ది వచ్చిన. తలుపు సందులకెల్లి సూస్తే, ఒక్కడే గోడదిక్కు మర్లి పుర్రచేత్తోని తింటుండు. గిన్నె అడుగు గీక్కుంట తింటుండు. నన్ను సూసి చెయ్యి గొంగడి కింద దాసుకున్నడు."

"మరి నువ్వేం చేసినవ్ అవ్వా?"

"నవ్విన."

"నవ్వినవా?" అన్నాను.

"నవ్విన బిడ్డా. మస్తు సంబరమయి నవ్విన, తింటుండు గదా అని. పుర్రచేత్తోని తింటున్నవా అని నవ్విన. గాయనకు నా సంబరం తెల్వలే, నవ్వొక్కటే తెలిసింది. ఇగ మళ్ళ చెయ్యి బయటికి తియ్యలే. గట్లనే ఉపాసంతోని పోయిండు."

వనపర్తి బస్సు వచ్చింది. అవ్వ లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, మెట్టెక్కుతూ వెనక్కి తిరిగింది. "ఇరవై రెండు ముద్దలు తిన్నడు ఆ ముసలాయన" అంది. బస్సు పోయాక ఆ బెంచీ మీద కూర్చుని నేను చాలాసేపు ఏడ్చాను. పనిలో చేరిన తర్వాత అదే మొదటిసారి ఏడవడం. ఆ రోజు తర్వాత ఈ పనికి చదువెందుకని నన్ను నేను అడుక్కోలేదు. ఇష్టమున్న మనిషి కూడా తెలియక చంపగలదని ఆమె నోటనే విన్నాను.

అవ్వకు నా కృతజ్ఞత ఎప్పుడూ నోటితో చెప్పలేదు. పండగలకు ఫోను చేసేదాన్ని, మనుమరాలి పెళ్ళికి వెళ్ళొచ్చాను. తర్వాత పనుల్లో పడిపోయాను, గద్వాల నుంచి నాగర్‌కర్నూల్‌కు మారాను, నేర్పేదాన్నయ్యాను. నేను పిల్లలకు చెప్పే పాఠాల్లో సగం ఆమెవే. కడుపునిండా తిడుతుందని తెలిసీ ఆదివారం పొద్దున గోపాల్‌పేట బస్సెక్కాను.

అవ్వ కోడలు వాకిట్లో పల్లికాయ తెంపుతూ కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి, లేచి నిలబడి, ముఖం దించుకుంది. "అత్తమ్మ పోయి నెల దాటింది చెల్లె. నీ నంబరు పాత ఫోన్ల పోయింది" అంది. నేను అరుగు మీద కూర్చున్నాను. ఆమె నీళ్ళు తెచ్చిచ్చి, నా పక్కనే కూర్చుంది.

కాసేపటికి, అడగకూడదనుకుంటూనే అడిగాను. "ఆఖరికి తిన్నదా అక్కా?"

"తిన్లే. మంచాన వడ్డంక ఇరవై దినాలు ఏం ముట్టలే" అంది. "నేను అన్ని తీర్ల సూసిన. కూసొవెట్టి సూసిన, ఎదురుంగ కూసొని తిని సూసిన. పుర్రచేత్తోని గూడ తిని సూసిన చెల్లె. సూసి నవ్వింది. తర్వాత ఒకనాడు పొద్దున, వాడకట్టుల ఆడోళ్ళనందరిని పిలువుమన్నది. మంచం సుట్టు నిలవెట్టి, నా చెయ్యి వట్టుకొని చెప్పింది."

"ఏం చెప్పింది?"

"నాకు సిగ్గు లేదు, అలుక లేదు. ఆకలే లేదు. కడుపు ఇగ సాలన్నది. నా కోడలు వెట్టింది, నేనే తిన్లేదు, మీరంత ఇన్నరు గదా అన్నది. మళ్ళ నా దిక్కు మర్లి, రేపు ఏడిస్తే నేను సచ్చినందుకు ఏడువు బిడ్డా, బువ్వ కోసం ఏడ్వకు, గది నాకు ఎర్కనే, శానా పాడు ఏడుపు అన్నది."

ఆమె మళ్ళీ పల్లికాయ చేతిలోకి తీసుకుంది. తెంపలేదు, ఊరికే పట్టుకుని కూర్చుంది.

"సచ్చినందుకే ఏడ్చిన చెల్లె" అంది.